సి.ఆర్. రావు పేపర్లు: సైటేషన్ల లెక్కకు అందిందెంత, అందనిదెంత

కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లకు ప్రమోషన్ దరఖాస్తు నింపే రోజులంటే టెన్షనే. ఎన్ని పేపర్లు వచ్చాయి, ఏ జర్నల్‌లో వచ్చాయి, అది స్కోపస్ అనే జర్నళ్ల సూచికలో ఉందా, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్ పేపర్లను ఇతరులు సగటున ఎన్నిసార్లు ప్రస్తావించారన్న అంకె) ఎంత, సైటేషన్లు (ఇతరులు తమ పేపర్లలో మన పేపర్‌ను ప్రస్తావించిన సందర్భాలు) ఎన్ని, హెచ్-ఇండెక్స్ ఎంత... ఒక్కో గడికి ఒక్కో అంకె. చివరికి అన్నీ కూడి ఒక స్కోరు. స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి కాబట్టి అలాంటి ఫారం చేతికొచ్చినప్పుడల్లా నాకు 1945 నాటి ఒక పేపర్ గుర్తొస్తుంది.

ఆ పేపర్ పొడవు 11 పేజీలు. అచ్చయింది కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో. రాసినాయనకు అప్పటికి పాతికేళ్లు నిండలేదు, పీహెచ్‌డీ లేదు. ఆయనే కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్. రావు. ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో, తెలుగు కుటుంబంలో 1920 సెప్టెంబరు 10న పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, అక్కడ స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త మహలనోబిస్ నడుపుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన కుర్రవాడు. ఆ చిన్న పేపర్‌కు ఉన్న విలువను గుర్తు చేస్తూ 2023లో, అంటే ఆయనకు 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టు 22న ఆయన అమెరికాలో కన్నుమూశారు.

ఆయన పేరు మీద 400కు పైగా పేపర్లు, పదికి పైగా పుస్తకాలు ఉన్నాయి. వాటికి వేల వేల సైటేషన్లు వచ్చాయి. అయినా ఆయన విషయంలో సైటేషన్ల అంకె చాలా తక్కువ చెబుతుందని నా అభిప్రాయం. ఒక పేపర్ పేరును ఎంతమంది రాశారన్నదే ఆ అంకెకు తెలుసు. ఆలోచన ఎంత దూరం వెళ్లిందో తెలియాలంటే దాని వెంట మనమే నడవాలి. రావు గారి పని స్టాటిస్టిక్స్ నుంచి రాడార్లకు, ఆర్థిక శాస్త్రానికి, జన్యువులకు, అడవులకు వెళ్లింది. వెళ్లిన చోటల్లా వేరే వేషం వేసుకుంది.

ముందు ఆ 11 పేజీల సంగతి చూద్దాం. 1940ల మొదట్లో రావు గారు కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవారు. ఒకరోజు అంచనాల గురించి ఇంగ్లండ్ స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఆర్.ఎ. ఫిషర్ కనుక్కున్న ఒక ఫలితాన్ని వివరించారు. శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే ఫలితం అది. క్లాసులో ఉన్న ఒక విద్యార్థి లేచి, చిన్న శాంపిల్‌కు కూడా దీన్ని నిరూపించలేమా అని అడిగాడు. ఆ విద్యార్థి వి.ఎం. దండేకర్, తర్వాతి కాలంలో మన దేశంలో పేదరికాన్ని లెక్కగట్టిన ఆర్థికవేత్తల్లో ఒకడు. రావు గారు ఆ రాత్రంతా కూర్చుని నిరూపణ సాధించి, మర్నాడు దాన్నే పాఠంగా చెప్పారు.

ఆ ఫలితాన్ని ఇలా అర్థం చేసుకోవచ్చు. మీ దగ్గర ఒక త్రాసు ఉంది. ఒకసారి తూస్తే దాని తప్పు సగటున 6 గ్రాముల దాకా అటూ ఇటూ ఊగుతుంది. అదే వస్తువును 9 సార్లు తూచి సగటు తీస్తే ఆ ఊగిసలాట 2 గ్రాములకు తగ్గుతుంది. ఇంతకంటే తెలివైన ఉపాయం ఏదైనా ఉంటే, అవే 9 తూకాల నుంచి 1 గ్రాముకు దించగలమా? తూకపు తప్పులు మామూలుగా మనం గీసే గంట ఆకారపు వంపును అనుసరిస్తూ, మన పద్ధతి ఎటూ మొగ్గు చూపనిదైతే, దించలేం. తూకాల్లో ఉన్న సమాచారమే అంత. ఎంత గొప్ప గణితం తెచ్చినా ఆ గీత కిందికి పోలేరు. ఆ గీత ఎక్కడుందో చెప్పే సూత్రమే క్రామెర్-రావు హద్దు. స్వీడన్ గణితవేత్త హెరాల్డ్ క్రామెర్ 1946లో తన పుస్తకంలో దీన్ని విడిగా రాశాడు కాబట్టి ఇద్దరి పేరూ కలిసింది.

అదే పేపర్‌లో రెండో సంగతి ఉంది. నాణేన్ని 10 సార్లు ఎగరేశారు, 6 సార్లు బొమ్మ పడింది. బొమ్మ పడే అవకాశం ఎంతో అంచనా వేయడానికి ఒకాయన మొదటి విసురు మాత్రమే చూస్తానంటాడు. బొమ్మ పడితే 1 అంటాడు, బొరుసు పడితే 0 అంటాడు. మొగ్గు లేని అంచనాయే కానీ బొత్తిగా మోటు. ఇప్పుడు మొత్తం 6 బొమ్మలు పడ్డాయన్న విషయం దగ్గర పెట్టుకుని, ఆ ఆరూ పదింటిలో ఏ ఏ చోట్ల పడి ఉండవచ్చో అన్ని వరసలనూ ఊహించి, మొదటి విసురు సగటు కట్టండి. పదింట ఆరు, అంటే 0.6 వస్తుంది. మోటు అంచనా దానంతటదే మంచి అంచనాగా మారింది. ఏ ముతక అంచనాను తెచ్చినా ఇలా సానపట్టవచ్చు, దాని ఊగిసలాట పెరగదు గాక పెరగదు. 1947లో డేవిడ్ బ్లాక్‌వెల్ కూడా ఇదే విషయాన్ని విడిగా రాశాడు కాబట్టి దీన్ని రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అంటారు. ఇప్పుడు కంప్యూటర్ సిమ్యులేషన్లు చేసేవాళ్లు వాళ్లిద్దరి పేర్లనే క్రియాపదంగా మార్చుకుని, అంచనాను 'రావు-బ్లాక్‌వెలైజ్' చేశాం అని మాట్లాడుకుంటారు.

మూడోది అప్పట్లో ఎవరికీ పెద్దగా పట్టలేదు. రెండు సంభావ్యతా పంపిణీల (ఏ ఫలితానికి ఎంత అవకాశం ఉందో చెప్పే పట్టికల్లాంటివి) మధ్య దూరం ఎంత అని రావు గారు అడిగారు. రెండు ఊళ్ల మధ్య కొండలూ లోయలూ ఉంటే దారి వెంట దూరాన్ని కొలిచినట్టే, పంపిణీల లోకంలోనూ వంకరలున్న నేల ఉందనీ, దాని మీద దూరం కొలవడానికి ఫిషర్ సమాచారం (డేటాలో ఎంత సమాచారం ఉందో చెప్పే కొలత) కొలబద్దగా పనికొస్తుందనీ చూపించారు. దశాబ్దాల తర్వాత జపాన్‌లో షునిచి అమారి లాంటివాళ్లు దీన్ని ఇన్ఫర్మేషన్ జామెట్రీ అనే పూర్తి శాఖగా పెంచారు. న్యూరల్ నెట్‌వర్క్‌లకు నేర్పే పద్ధతుల్లో ఒకటి ఆ నేల వాలును చూసుకుంటూ నడుస్తుంది.

ఇప్పుడు ఈ పేపర్‌ను దరఖాస్తు ఫారంలో పెట్టి చూడండి. జర్నల్ స్థానికం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే మాటే అప్పటికి లేదు. యూజీన్ గార్‌ఫీల్డ్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చిందే 1964లో. హెచ్-ఇండెక్స్‌లో అయితే దీని వాటా ఒకే ఒక పేపర్. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన ఆ కొలత సులువైనదే. ఒకరి హెచ్-ఇండెక్స్ 20 అంటే, కనీసం 20 సైటేషన్లు వచ్చిన పేపర్లు ఆయనకు 20 ఉన్నాయని అర్థం. ఒక పేపర్‌కు 20 వచ్చినా, లక్ష వచ్చినా ఆ లెక్కలో తేడా ఉండదు. నికరంగా పని చేస్తూ పోయేవాళ్లను ఈ కొలత బాగానే పట్టుకుంటుంది. ఒక్క పేపర్‌తో దారి తిప్పేసినవాళ్లను పట్టుకోలేదు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. క్రామెర్-రావు హద్దును వాడే ఇంజనీరు 1945 పేపర్‌ను సైట్ చేయడు. రాడార్ దూరాన్ని ఎంత కచ్చితంగా చెప్పగలదు, ఫోన్ టవర్ల సంకేతాల నుంచి మనిషి ఉన్న చోటును ఎన్ని మీటర్ల లోపు పట్టగలం అని రాసే ప్రతి పేపర్‌లోనూ ఒక గ్రాఫ్ ఉంటుంది. అందులో కింద ఒక గీత, దాని పక్కన 'సీఆర్‌బీ' (క్రామెర్-రావు బౌండ్, అంటే ఆ హద్దే) అని మూడు అక్షరాలు. తమ పద్ధతి ఆ గీతకు ఎంత దగ్గరగా వచ్చిందో చూపించడమే వాళ్ల పని. రిఫరెన్సుల్లో మాత్రం ఏదో పాఠ్యపుస్తకం ఉంటుంది, లేదా అసలేమీ ఉండదు. ఎక్కాలు వల్లించే పిల్లాడు వాటిని ఎవరు కట్టారని చెప్పడు కదా. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ స్థితిని గుర్తించి పేరు కూడా పెట్టాడు. ఒక ఆలోచన జ్ఞానంలో పూర్తిగా కలిసిపోతే, దాని మూలం చెరిగిపోతుంది. ఉప్పు కూరలో కరిగాక ముక్కగా దొరకదు. భౌతిక శాస్త్రంలో క్వాంటమ్ క్రామెర్-రావు హద్దు అనే మాట ఉంది, విశ్వం విస్తరించే తీరును కొలవబోయే టెలిస్కోపు ఎంత కచ్చితంగా చెప్పగలదో ముందే లెక్కగట్టే పద్ధతి ఉంది. వాటన్నిటి కిందా ఆ 11 పేజీలే ఉన్నాయి. సైటేషన్ పట్టికలో వాటి జాడ చాలావరకు కనపడదు.

మూలం చెరిగిపోవడం ఒకటైతే, ఆలోచన మరో పేరుతో తిరగడం ఇంకొకటి. 1946 నుంచి 1948 దాకా రావు గారు కేంబ్రిడ్జ్‌లో ఉన్నారు. వెళ్లింది మ్యూజియం పని మీద. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించాలి. పగలు ఎముకల కొలతలు, మరో పక్క ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ. ఆ 1948లోనే ఆయన, మనం ఊహించిన విలువ డేటాకు సరిపోతుందో లేదో తేల్చే స్కోర్ టెస్ట్ అనే పరీక్షను రాశారు.

ఒక పోలికతో చెబుతాను. డేటాకు అన్నిటికంటే బాగా సరిపోయే విలువే శిఖరం అనుకోండి. మంచు కమ్మిన కొండ మీద మిమ్మల్ని ఒక చోట నిలబెట్టి, శిఖరం ఇదే అన్నారు. నిజమో కాదో తేల్చుకోవడానికి మూడు దారులున్నాయి. అసలు శిఖరం వెతికి, అక్కడి నుంచి ఈ చోటు ఎంత దూరమో కొలవడం ఒకటి. అది అబ్రహాం వాల్డ్ పరీక్ష. అసలు శిఖరం ఎత్తూ ఈ చోటు ఎత్తూ పోల్చడం రెండోది; అది నేమన్, పియర్సన్‌ల పద్ధతి. రావు గారిది మూడోది. ఎక్కడికీ కదలకుండా, కాళ్ల కింద నేల చదునుగా ఉందా, వాలుగా ఉందా చూడటం. బాగా వాలుగా ఉంటే ఇది శిఖరం కాదు. అసలు శిఖరం వెతికే శ్రమే తప్పిపోయింది.

పదేళ్లు గడిచాక ఎస్.డి. సిల్వీ వేరే దారిలో బయల్దేరి ఇదే పరీక్షకు చేరుకున్నాడు. ఆయన దానికి లగ్రాంజ్ మల్టిప్లయర్ టెస్ట్ అని పేరు పెట్టాడు. ఆర్థికవేత్తలు ఆ పేరునే అందుకున్నారు. 1980లో బ్రూష్, పేగన్ రాసిన పేపర్ ఆ పరీక్షను ఆర్థిక నమూనాల్లో ఎలా వాడాలో చూపింది. ఎకనామెట్రిక్స్ (ఆర్థిక శాస్త్రంలో స్టాటిస్టిక్స్ వాడే శాఖ) విద్యార్థులు తరతరాలుగా దాన్నే సైట్ చేస్తున్నారు. ఈ రోజు స్టేటా, ఆర్ లాంటి స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్లలో 'ఎల్ఎమ్ టెస్ట్' అని ఒక కమాండ్ కొట్టే విద్యార్థి రావు గారి పరీక్షే చేస్తున్నాడు, ఆ సంగతి అతనికి తెలియాల్సిన అవసరం కూడా లేదు. బ్రూష్, పేగన్‌ల మీద నాకు ఫిర్యాదు లేదు, వాళ్లు చేసింది మంచి పని. కానీ పరీక్ష ఒకటే అయినప్పుడు సైటేషన్లు రెండు గంపల్లో పడ్డాయి, రెండో గంప రావు గారి లెక్కలోకి రాదు.

జన్యు శాస్త్రంలో ఇదే పరీక్ష ఇంకో అవసరానికి అక్కరకొచ్చింది. ఒక జబ్బుకు ఏ జన్యు తేడాలతో సంబంధం ఉందో వెతకాలంటే లక్షల చోట్ల విడివిడిగా పరీక్ష చేయాలి. ప్రతి చోటా శిఖరం వెతుకుతూ కూర్చుంటే కంప్యూటర్లకు తెల్లారిపోతుంది. జన్యువుకూ జబ్బుకూ సంబంధం లేదనే నమూనాను ఒక్కసారి కట్టి, ఒక్కో చోట వాలు చూసుకుంటూ పోతే పని చకచకా సాగుతుంది. లెక్కలు చేతితో చేసే 1948లో శ్రమ తగ్గించిన ఉపాయమే, కంప్యూటర్ల కాలంలోనూ శ్రమ తగ్గించింది.

ఫ్యాక్టరీలకు వెళ్లిన ఆలోచన సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒక వస్తువు నాణ్యత మీద ప్రభావం చూపే అంశాలు 7 ఉన్నాయి, ఒక్కోదానికి రెండేసి స్థాయిలు. అన్ని కలయికలూ చేసి చూడాలంటే 128 ప్రయోగాలు. ఏ రెండు అంశాలను తీసుకున్నా వాటి స్థాయిలు సమానంగా జత కలిసేలా ఒక పట్టిక అల్లితే, ముఖ్యమైన ప్రభావాలు 8 ప్రయోగాల్లోనే తెలుస్తాయి. రావు గారు 1940ల్లో రాసిన ఈ ఆర్తోగోనల్ ఎర్రేలను జపాన్ ఇంజనీరు గెనిచి టగుచి పరిశ్రమల్లోకి తీసుకెళ్లాడు. షాప్ ఫ్లోర్ మీద అవి టగుచి పట్టికలే.

ఇక పేరు గొడవ. తెలుగువాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. మనకు ఇంటిపేరు ముందొస్తుంది. ఆయన ఇంటిపేరు కల్యంపూడి, అది ఇంగ్లీషులో ఒక్క 'సి' అక్షరంగా మిగిలింది. చివరనున్న 'రావు' మన దగ్గర లక్షల మంది పేర్లకు చివర తగిలించుకునేది. పాశ్చాత్య సూచికలు చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటాయి కాబట్టి అక్కడ అందరూ రావులే. రసాయన శాస్త్రంలో సి.ఎన్.ఆర్. రావు ఉన్నారు, ఆయన పేపర్లు వెయ్యి దాటాయి. స్టాటిస్టిక్స్ లోపలే జె.ఎన్.కె. రావు ఉన్నారు, కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో సర్వే శాంపిల్ పద్ధతుల మీద పేరు పొందినవారు. సర్వే సాఫ్ట్‌వేర్‌లో కనిపించే రావు-స్కాట్ పరీక్ష ఆయనది. దాన్ని సి.ఆర్. రావు గారిదే అనుకునే విద్యార్థులను నేను చాలామందిని చూశాను. ఒక పేరుతో వెతికి వచ్చిన సైటేషన్ల మొత్తాన్ని నమ్మాలంటే, ముందు ఆ కుప్పలో ఎంతమంది రావులున్నారో విడదీసుకోవాలి. పరిశోధకుడికి ఆధార్ నంబరులా పనిచేసే ఆర్కిడ్ 2012లో గానీ రాలేదు. అప్పటికి రావు గారికి 92 ఏళ్లు.

వేర్వేరు రంగాలను ఒకే అంకెతో పోల్చడంలోని తప్పును కూడా ఇక్కడే చెప్పాలి. గణితంలో పేపర్లు నెమ్మదిగా వస్తాయి, చివర ఇచ్చే రిఫరెన్సుల జాబితా పొట్టిగా ఉంటుంది. జీవశాస్త్రంలో ల్యాబులు ఎక్కువ, పేపర్లు ఎక్కువ, జాబితాలు పొడవు. అందులోనూ, రోజూ ల్యాబులో చేతికి అవసరమయ్యే ఒక పద్ధతి రాసినవాళ్లకు సైటేషన్లు వరదలా వస్తాయి. ప్రొటీన్‌ను కొలిచే పద్ధతి మీద ఆలివర్ లౌరీ 1951లో రాసిన పేపర్‌కు 2014 నాటికి 3,05,000 పైగా సైటేషన్లు ఉన్నాయి. అది నిజానికి గొప్ప పేపరేమీ కాదని లౌరీయే అన్నాడు.

మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తీసుకోండి. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన రాసిన, ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని జీవరసాయన శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు సైట్ చేశారు. కానీ అమెరికాలోని లెడర్లే మందుల కంపెనీ ల్యాబుల్లో ఆయన నడిపిన బృందం తయారు చేసిన అమినాప్టెరిన్ అనే మందుతోనే డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్త క్యాన్సర్ పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం చూపించగలిగాడు. 1948లో వచ్చిన ఆ పేపర్ రచయితల్లో సుబ్బారావు గారి పేరు లేదు. రెండింటిలో ఏది పెద్ద పని అని నన్నడిగితే క్షణం కూడా ఆలోచించను. అంకెలు మాత్రం మొదటిదానివైపే మొగ్గుతాయి.

రంగాన్ని బట్టి సర్దుబాటు చేసే కొలతలు ఇప్పుడున్నాయి. ఒక పేపర్‌కు వచ్చిన సైటేషన్లను, అదే ఏడాది అదే రంగంలో వచ్చిన పేపర్ల సగటుతో భాగిస్తారు. మామూలు అంకె కంటే ఇది చాలా నయం. అయితే ముందు ఆ పేపర్ ఏ రంగానిదో నిర్ణయించాలి, ఎన్నేళ్ల వరకు లెక్కపెట్టాలో నిర్ణయించాలి. రావు గారి లాంటివాళ్ల దగ్గర ఈ రెండు నిర్ణయాలూ కష్టమే. అందుకు నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఆయన అరవై దాటాక రాసింది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి రిటైరై, అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరాక, 1982లో జనాభా జీవశాస్త్రపు జర్నల్ ఒకదానిలో వైవిధ్యాన్ని కొలవడం మీద ఒక పేపర్ రాశారు.

అందులో ఆలోచన ఇది. ఒక అడవిలో కళ్లు మూసుకుని రెండు చెట్లను ఎంచుకోండి. ఆ రెండూ ఒకదానికొకటి ఎంత వేరుగా ఉన్నాయో కొలవండి. ఇలా అన్ని జతల మీదా వచ్చే సగటే ఆ అడవి వైవిధ్యం. అంతకుముందు వాడుకలో ఉన్న కొలతలు జాతులెన్ని, ఏ జాతి ఎంత ఉందన్నదే చూసేవి. వాటి లెక్కలో మద్ది చెట్టుకూ టేకు చెట్టుకూ ఉన్న తేడా, మద్ది చెట్టుకూ గడ్డిపోచకూ ఉన్న తేడా ఒకటే. రావు గారి సూత్రం ఎంత తేడా అన్నది కూడా లెక్కలోకి తెచ్చింది. సూత్రం రాయడానికి ఒక్క వరస చాలు.

పర్యావరణ శాస్త్రవేత్తలు దాన్ని పెద్ద ఎత్తున అందుకోవడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. 2005లో హంగరీకి చెందిన బొత్తా-దుకాత్, మొక్కల ఎత్తు, ఆకు వెడల్పు లాంటి లక్షణాల ఆధారంగా వైవిధ్యాన్ని కొలవడానికి ఈ సూత్రం సరిగ్గా సరిపోతుందని చూపించాడు. అక్కడి నుంచి సైటేషన్లు ఊపందుకున్నాయి. పేపర్ వచ్చిన మొదటి ఐదేళ్లు చూసి మార్కులు వేసే కమిటీ ఏదైనా 1987లో దీన్ని చూసి ఉంటే పక్కన పెట్టేసేది. ఇలా ఏళ్ల తరబడి పడుకుని తర్వాత లేచే పేపర్లను నిద్రపోతున్న సుందరి అంటారు. నా ఉద్దేశంలో ఆ పేపర్ నిద్రపోలేదు, దాన్ని వాడుకోగల డేటా కోసం ఎదురుచూసింది. వేల మొక్కల లక్షణాలు పట్టికలుగా చేరేదాకా ఆ సూత్రంలో వేయడానికి అంకెలే లేవు.

సైటేషన్ల జాబితాలో చోటు దక్కనిది ఇంకొకటి ఉంది, ఆయన తీర్చిదిద్దిన మనుషులు. 2007లో గణితంలో పెద్ద గౌరవమైన ఏబెల్ బహుమతి పొందిన ఎస్.ఆర్.ఎస్. వరదన్ రావు గారి దగ్గర పీహెచ్‌డీ చేసినవారు. దేవవ్రత బసు, కె.ఆర్. పార్థసారథి కూడా ఆయన శిష్యులే. సంఖ్య అనే జర్నల్‌ను ఏళ్ల తరబడి ఎడిట్ చేస్తూ ఎంతమంది పేపర్లను సరిదిద్దారో, ఎన్ని ఆలోచనలను దారిలో పెట్టారో ఎక్కడా నమోదు కాలేదు.

ఆ 1982 సూత్రం ఇప్పుడు ఉపగ్రహ చిత్రాల దగ్గరికి చేరింది. ఫొటోలోని ఒక చిన్న గడిలో ఉన్న పిక్సెళ్లను రెండేసి చొప్పున తీసుకుని, వాటి రంగుల తేడాకు సగటు కడతారు. ఆ గడిలో నేల అంతా ఒకే పంట ఉందా, లేక రకరకాల చెట్లూ పొదలూ ఉన్నాయా అన్నది ఆ అంకె చెబుతుంది. గడిని పక్కకు జరుపుతారు, మళ్లీ కడతారు. అలా పూర్తి చిత్రం తయారయ్యాక, మ్యాపు కింద ఆ సూచిక పేరు రాస్తారు: 'రావోస్ క్యూ'. ఈసారి ఆయన పేరు మాయమైపోలేదు.